ఈ బీటెక్ వేరు, ఆ బీటెక్ వేరు: ఇంగ్లండు కాలేజీలో ఇంజనీరింగ్ చదువుపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి అడుగుతున్నాయి. ఇంగ్లండులో ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు పదహారో ఏట జీసీఎస్ఈ పరీక్షలు (గ్రేడులు 1 నుంచి 9 దాకా, 9 అన్నిటికంటే పైది) ముగించాక, విశ్వవిద్యాలయానికి ముందుండే రెండేళ్ల ఏ–లెవెల్స్ చదవకుండా కాలేజీలో ఇంజనీరింగ్ కోర్సులో చేరి, ఆ తరువాత విశ్వవిద్యాలయానికి గాని, జీతంతో పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్‌కు గాని వెళితే మేలా కీడా అన్నదే ఆ విషయం. నాలుగింటికీ ఒకే చోట జవాబు ఇస్తున్నాను. ఇక్కడ చెప్పిన నిబంధనలు ఇంగ్లండుకు సంబంధించినవి. స్కాట్లండు పద్ధతి వేరు కనుక అక్కడి పాఠకులు వీటిని యథాతథంగా తీసుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి జీసీఎస్ఈ గణితంలో 7, కంబైన్డ్ సైన్సులో 6-6 వచ్చాయి. ఊహ తెలిసినప్పటి నుంచి సైకిళ్లు, మిక్సీలు విప్పి మళ్లీ బిగించడమే వాడి లోకం. సిక్స్త్ ఫారంలో ఏ–లెవెల్స్ వద్దని, దగ్గరలోని కాలేజీలో బీటెక్ ఇంజనీరింగ్ చేరతానని పట్టుబడుతున్నాడు. ఈ మాట ఫోనులో చెబితే మా అత్తగారు 'పదహారేళ్లకే బీటెక్కా!' అని మురిసిపోయి నలుగురికీ చెప్పుకున్నారు. మావారేమో అది చదువు అబ్బనివాళ్లు వెళ్లే చోటని, అందులో చేరితే మంచి విశ్వవిద్యాలయాలు మొహం కూడా చూడవని అంటున్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం?
— ఒక తల్లి, లెస్టర్

జవాబు: అమ్మా, మీ అత్తగారి మురిపెం ఒక పేరు వల్ల వచ్చిన పొరపాటు, మీవారి భయం సగం నిజం. ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఇండియాలోని బి.టెక్ ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్లు చదివే పట్టా. ఇక్కడి బీటెక్ అన్నది బిజినెస్ అండ్ టెక్నాలజీ ఎడ్యుకేషన్ కౌన్సిల్ అనే పాత సంస్థ పేరులోని పొడి అక్షరాలు. ఆ సంస్థ పోయినా పేరు మిగిలింది, ఇప్పుడు ఆ అర్హతలను పియర్సన్ సంస్థ ఇస్తోంది. ఇది ఏ–లెవెల్స్‌తో సమానమైన మూడో స్థాయి, అంటే లెవెల్ 3 చదువు. మన పాలిటెక్నిక్ డిప్లొమాతో పోల్చాలని చాలామందికి అనిపిస్తుంది గాని, ఆ పోలిక కొంత దూరమే నడుస్తుంది. అక్కడ డిప్లొమా పూర్తి చేసినవారు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరగలరు. ఇక్కడ లెవెల్ 3 పూర్తి చేసినవారు డిగ్రీ మొదటి సంవత్సరంలోనే చేరాలి. పై సంవత్సరంలో చేరే వీలును కొన్ని విశ్వవిద్యాలయాలు ఇస్తాయి గాని, అది లెవెల్ 4 హయ్యర్ నేషనల్ సర్టిఫికెట్ అయిన హెచ్‌ఎన్‌సీ, లెవెల్ 5 హయ్యర్ నేషనల్ డిప్లొమా అయిన హెచ్‌ఎన్‌డీ చేసినవారికి.

కాలేజీవారు 'బీటెక్ ఇంజనీరింగ్' అని చెప్పినంత మాత్రాన సరిపోదు. అదే పేరుతో ముఖ్యంగా మూడు పరిమాణాల కోర్సులు ఉంటాయి. ఎక్స్‌టెండెడ్ సర్టిఫికెట్ ఒక ఏ–లెవెల్‌కు, డిప్లొమా రెండింటికి, ఎక్స్‌టెండెడ్ డిప్లొమా మూడింటికి సమానం. వీటిలో ఏది ఇస్తున్నారో రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రభుత్వం ఈ కోర్సుల్లో కొన్నింటికి నిధులు ఆపుతూ, వాటి స్థానంలో వృత్తి నైపుణ్యం నేర్పే రెండేళ్ల టీ–లెవెల్స్‌ను, 2025 అక్టోబరులో ప్రకటించిన వీ–లెవెల్స్ అనే కొత్త రకాన్ని తెస్తోంది కనుక, నిరుడు పక్కింటి అబ్బాయి చదివిన కోర్సు ఈ ఏడు అదే రూపంలో ఉంటుందన్న భరోసా లేదు.

ఇక విశ్వవిద్యాలయాల మాట. దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ లెక్కలో ఏ–లెవెల్‌లో ఏ గ్రేడుకు 48, బీ గ్రేడుకు 40 పాయింట్లు వస్తాయి. మూడు ఏ గ్రేడులకు 144. ఎక్స్‌టెండెడ్ డిప్లొమాలో మూడు డిస్టింక్షన్లు తెచ్చుకున్న విద్యార్థికి కూడా సరిగ్గా 144 పాయింట్లే వస్తాయి. కాగితం మీద ఇద్దరూ సమానం. అయితే ఇంజనీరింగ్ విభాగాలు పాయింట్లను చూసి ఊరుకోవు. ఆ పాయింట్లు ఏ విషయంలో వచ్చాయో చూస్తాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ కాలేజీ వంటి చోట్ల ఇంజనీరింగ్‌కు ఏ–లెవెల్ గణితం, భౌతికశాస్త్రం కావాలి. ఈ మూడింటిలో ఒకదాని మీద మీ అబ్బాయి ఆశ పెట్టుకుంటే, కేవలం బీటెక్‌తో ఆ ఆశ నెరవేరదని ముందే చెప్పడం మంచిది. మీవారి భయంలో నిజమైన సగం ఇదే.

నిజం కాని సగం ఏమిటంటే, ఇంగ్లండులో ఇంజనీరింగ్ బోధించే విశ్వవిద్యాలయాలు ఆ మూడే కావు. బీటెక్ విద్యార్థులను ఏటా చేర్చుకునేవి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మొత్తం గ్రేడుతో పాటు గణిత యూనిట్లలో డిస్టింక్షన్ రావాలని షరతు పెడతాయి. కొన్ని ఏ–లెవెల్ గణితాన్ని అదనంగా అడుగుతాయి. కొన్ని ముందు ఒక ఫౌండేషన్ సంవత్సరం చదివించి తరువాత మొదటి సంవత్సరంలోకి తీసుకుంటాయి. ఈ మూడు రకాలలోనూ అడిగే విషయం ఒకటే అని గమనించండి. గణితం.

ఎందుకింత పట్టింపు అంటే, గంటల లెక్క చూడండి. ఏ–లెవెల్ గణితానికి రెండేళ్లలో సుమారు 360 గంటల బోధన ఉంటుంది. బీటెక్ ఎక్స్‌టెండెడ్ డిప్లొమా మొత్తం 1,080 గంటలదైనా, అందులో కలన గణితం నేర్పే యూనిట్‌కు కేటాయించినవి 60 గంటలు. మిగిలిన సమయం వృథా అనడం లేదు. ఆ పిల్లవాడు లేత్ మీద ఉక్కు కడ్డీని మైక్రోమీటరు కొలతకు తెస్తాడు, ఆకురాయితో లోహపు ముక్కను చదును చేయడంలో ఓర్పు నేర్చుకుంటాడు, కంప్యూటర్ మీద గీసిన భాగాన్ని తన చేతుల్తో తయారు చేసి తన గీతలోని తప్పును తానే పట్టుకుంటాడు. ఏ–లెవెల్స్ చదివిన పిల్లవాడికి ఇవేవీ తెలియవు. కానీ డిగ్రీ మొదటి సంవత్సరం మొదటి వారాల్లోనే అవకలన సమీకరణాలు, సదిశలు, మాత్రికలు వరుసగా మీద పడతాయి. అప్పుడు చేతిలో నైపుణ్యం ఉన్న పిల్లవాడే బోర్డు మీద రెండో వరుస అర్థం కాక వెనకబడతాడు. బీటెక్ ద్వారా వెళ్లి మధ్యలో చదువు మానినవారి గురించి విన్నప్పుడల్లా కారణం తెలివి తక్కువ కావడమని జనం అనుకుంటారు. ఎక్కువగా అది ఈ గంటల తేడా.

మీ అబ్బాయికి గణితంలో 7 ఉంది కనుక నా సలహా ఇది. ఎక్స్‌టెండెడ్ డిప్లొమాకు బదులు రెండు ఏ–లెవెల్స్ పరిమాణం గల బీటెక్ డిప్లొమాను, దానితో పాటు ఏ–లెవెల్ గణితాన్ని కలిపి చదివే వీలు ఆ కాలేజీలో ఉందా అని అడగండి. అన్ని చోట్లా ఉండదు. టైంటేబుల్ కుదరదని చెప్పే కాలేజీలే ఎక్కువ. ఉంటే అంతకు మించిన ఏర్పాటు లేదు. లేకపోతే, వాడు డిగ్రీయే లక్ష్యమనుకుంటున్నాడా, లేక పని చేస్తూ నేర్చుకోవాలనుకుంటున్నాడా అని వాడినే కూర్చోబెట్టి అడగండి. డిగ్రీ అంటే గణితం, భౌతికశాస్త్రంతో ఏ–లెవెల్స్ చదివి, మిక్సీలు విప్పే సరదాను ఇంట్లో కొనసాగించుకోవచ్చు. పని అంటే కాలేజీయే సరైన చోటు, అందులో చిన్నతనం ఏమీ లేదు. 'కోర్ మ్యాథ్స్' అనే మరో లెవెల్ 3 కోర్సు ఇస్తామని కాలేజీవారు చెప్పవచ్చు. అది పనికొచ్చే చదువే గాని, ఇంజనీరింగ్ డిగ్రీ అడిగే ఏ–లెవెల్ గణితానికి బదులు కాదు.

మీవారికి ఒక మాట. ఈ దేశంలో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ 1847లో ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడైన జార్జ్ స్టీఫెన్సన్ బొగ్గు గనిలో పనిచేసినవాడు; పద్దెనిమిదేళ్ల వయసు వచ్చేదాకా ఆయనకు చదవడం రాదు, రాత్రి బడికి డబ్బు కట్టి నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఇంజనీరింగ్ కౌన్సిల్ ఇచ్చే వృత్తి గుర్తింపులలో మొదటి మెట్టు అయిన ఇంజనీరింగ్ టెక్నీషియన్‌కు మూలం లెవెల్ 3 చదువే. అక్కడి నుంచి ఇన్‌కార్పొరేటెడ్ ఇంజనీరుగా, చార్టర్డ్ ఇంజనీరుగా పైకి వెళ్లే మెట్లు ఉన్నాయి. ఎక్కేవారు తక్కువేనన్నది కూడా నిజమే.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. కాలేజీలో ఇంజనీరింగ్ టీ–లెవెల్ సీటు వచ్చింది. అదే సమయంలో ఒక తయారీ సంస్థ లెవెల్ 3 అప్రెంటిస్‌షిప్ కూడా ఇస్తానంటోంది. మేము స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చి నాలుగేళ్లయింది, ఇంకా స్థిర నివాస అనుమతి రాలేదు. పై చదువుల ఫీజుల గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. డబ్బు దృష్టిలో ఏది మంచిది?
— ఒక తండ్రి, కోవెంట్రీ

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం చివరి వాక్యాల్లో ఉంది. చదువు ఎంపికను వీసా స్థితి ఎంత శాసిస్తుందో తెలియక చాలా కుటుంబాలు రెండేళ్ల తరువాత తలపట్టుకుంటున్నాయి.

ముందు రెండు అవకాశాల తేడా చూడండి. టీ–లెవెల్ అన్నది 2020 సెప్టెంబరులో మొదలైన రెండేళ్ల చదువు. ఇంజనీరింగ్, తయారీ రంగానివి 2022 సెప్టెంబరులో వచ్చాయి. మూడు ఏ–లెవెల్స్‌తో సమానం. డిజైన్, నిర్వహణ–మరమ్మతు, తయారీ ప్రక్రియలు అని మూడు శాఖలుగా ఉంటుంది. మొదటి భాగం అందరికీ ఉమ్మడి పరీక్షలు, ఆపైన యజమానులు రూపొందించిన ఒక ప్రాజెక్టు, చివర ఎంచుకున్న వృత్తిలో నైపుణ్య పరీక్ష. వీటితో పాటు కనీసం 315 గంటలు ఒక సంస్థలో పనిచేయాలి. ఆ పనికి జీతం ఇవ్వాలన్న నియమం లేదు. మెరిట్ వస్తే 120, డిస్టింక్షన్ వస్తే 144 యూకాస్ పాయింట్లు.

అప్రెంటిస్‌షిప్ అంటే ఉద్యోగం. ఒప్పందం ఉంటుంది, జీతం ఉంటుంది, సెలవులు ఉంటాయి. పని వేళల్లోనే వారానికి కొన్ని గంటలు శిక్షణకు వదలాలి. ఫీజు కట్టవలసిన బాధ్యత విద్యార్థిది కాదు. ఇంజనీరింగ్‌లో లెవెల్ 3 అప్రెంటిస్‌షిప్ సాధారణంగా మూడున్నర నుంచి నాలుగేళ్లు పడుతుంది. చాలా సంస్థలు మొదటి సంవత్సరమంతా కాలేజీ వర్క్‌షాపులోనో శిక్షణ కేంద్రంలోనో గడిపిస్తాయి కనుక, మీ అమ్మాయి ఎటు వెళ్లినా వచ్చే ఏడాది నిలబడేది అదే లేత్ ముందు కావచ్చు. అప్రెంటిస్‌లకు చట్టం నిర్ణయించిన కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి గంటకు 7.55 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 8 పౌండ్లు. పేరున్న ఇంజనీరింగ్ సంస్థలు దీనికంటే ఎక్కువే ఇస్తాయి. మీకు వచ్చిన ఒప్పంద పత్రంలో అంకె చూసుకోండి.

ఇక వీసా. పద్దెనిమిదేళ్ల లోపు కాలేజీ చదువుకు మీ అమ్మాయి ఫీజు కట్టనక్కరలేదు. చిక్కు విశ్వవిద్యాలయం దగ్గర మొదలవుతుంది. 2025–26లో ఇంగ్లండు విద్యార్థుల వార్షిక ఫీజు పరిమితి 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థుల ఫీజుకు అలాంటి పరిమితి లేదు, ఇంజనీరింగ్‌కు అది తరచుగా ఆ మొత్తానికి రెండు మూడు రెట్లుంటుంది. స్వదేశీ ఫీజు, ప్రభుత్వ రుణం రెండూ దొరకాలంటే సాధారణంగా కోర్సు మొదలయ్యే విద్యా సంవత్సరం తొలి రోజుకు స్థిర నివాస అనుమతి చేతిలో ఉండాలి, అంతకు ముందు మూడేళ్లు ఈ దేశంలో నివసించి ఉండాలి. శరదృతువులో మొదలయ్యే కోర్సులకు ఆ తొలి రోజు సెప్టెంబరు 1. చిన్నప్పుడే వచ్చి ఏడేళ్లు ఇక్కడే పెరిగిన పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు, లేదా సగం జీవితం ఇక్కడే గడిపిన పద్దెనిమిదేళ్లు దాటినవారికి మరో దారి ఉంది గాని, మీ అమ్మాయికి ఇప్పుడు అది వర్తించదు.

స్థిర నివాసానికి అయిదేళ్లు చాలన్న పాత లెక్కను నమ్ముకుని ప్రణాళిక వేయకండి. ఆ సాధారణ కాలాన్ని పదేళ్లకు పెంచాలని ప్రభుత్వం 2025 మే నెలలో విడుదల చేసిన శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. మీ కేసుకు ఏ నిబంధన వర్తిస్తుందో అర్హత గల ఇమిగ్రేషన్ సలహాదారును అడగండి. వాట్సప్ గ్రూపుల్లో తిరిగే సందేశాలను నమ్మి ఒక పిల్ల చదువును తేల్చకూడదు.

అప్రెంటిస్‌షిప్‌కు నిబంధన ఇంతకంటే సడలింపుగా ఉంటుందన్నది చాలామందికి తెలియదు. చదువు కోసం మాత్రమే కాని అనుమతిపై ఈ దేశంలో చట్టబద్ధంగా ఉంటూ, మొదలుపెట్టే నాటికి మూడేళ్ల నివాసం పూర్తయి, పని చేసే హక్కు ఉన్నవారికి శిక్షణ నిధులు అందుతాయి. అంటే విశ్వవిద్యాలయంలో విదేశీ ఫీజు కట్టవలసిన అమ్మాయే, అప్రెంటిస్‌గా చేరితే ఒక్క పౌండు కట్టకుండా, పైగా జీతం తీసుకుంటూ చదవవచ్చు. పని చేస్తూనే డిగ్రీ పొందే డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌కూ ఇదే వర్తిస్తుంది. దీనికి రెండు అడ్డంకులున్నాయి. శిక్షణ ముగిసేదాకా ఇక్కడ ఉండగలదన్న నమ్మకం శిక్షణ సంస్థకు కలగాలి కనుక వీసా గడువు ప్రశ్న అవుతుంది. రక్షణ రంగంలోని సంస్థలు భద్రతా తనిఖీ అడుగుతాయి. దానికి సాధారణంగా అయిదేళ్ల నివాసం కావాలి, కొన్ని ఉద్యోగాలకు జాతీయత షరతు కూడా ఉంటుంది. ఆ తయారీ సంస్థ ఏ రంగానిదో మీరు రాయలేదు.

కాబట్టి డబ్బు ఒక్కటే చూస్తే మీ పరిస్థితిలో అప్రెంటిస్‌షిప్ వైపే త్రాసు మొగ్గుతుంది. డబ్బు ఒక్కటే చూడకపోతే మరో ఆలోచన ఉంది. పదహారేళ్లకే ఒక యజమాని దగ్గర ఒక యంత్రం ముందు స్థిరపడితే, గణితం అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ సంస్థలో లెవెల్ 3 ముగించినవారిని హెచ్‌ఎన్‌సీకి, ఆపైన డిగ్రీకి పంపిన ఉదాహరణలు ఉన్నాయా, ఇప్పుడు ఎంతమంది అలా చదువుతున్నారు అని మీ అమ్మాయి సంతకం చేసే ముందు అడగాలి. 'అవకాశం ఉంటుంది' అన్న జవాబుకు విలువ లేదు. పేర్లు చెప్పగలిగితే విలువ ఉంది. ఇక టీ–లెవెల్ ముగించి తరువాత అదే వృత్తిలో లెవెల్ 3 అప్రెంటిస్‌షిప్‌లో చేరదామన్న ఆలోచన చేయకండి. ముందే నేర్చుకున్నదాన్ని మినహాయించి మిగిలినదానికే నిధులిస్తారు, గణనీయంగా కొత్త నైపుణ్యం నేర్చుకోవలసి ఉండాలన్నది నియమం. టీ–లెవెల్ తరువాత చూడవలసింది లెవెల్ 4 నుంచి పైకి.

ప్రశ్న: నేను కాలేజీలో బీటెక్ ఎక్స్‌టెండెడ్ డిప్లొమా మొదటి సంవత్సరంలో ఉన్నాను. మా బృందంలో నేనొక్కదాన్నే అమ్మాయిని. ఇప్పటివరకు ఇచ్చిన యూనిట్లలో డిస్టింక్షన్లు వచ్చాయి గాని ఒక అసైన్‌మెంటు ఆలస్యంగా ఇచ్చాను. వచ్చే ఏడాది ఐచ్ఛికంగా ఫర్దర్ ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ తీసుకోవాలా, లేక వెల్డింగ్ తీసుకోవాలా అని అడుగుతున్నారు. డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌కు, విశ్వవిద్యాలయానికి రెండింటికీ దరఖాస్తు చేయవచ్చా?
— ఒక విద్యార్థిని, షెఫీల్డ్

జవాబు: వెల్డింగ్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. గణితం తీసుకోండి. ఐచ్ఛిక యూనిట్లను విద్యార్థికి వదిలే కాలేజీలు తక్కువ, చాలాచోట్ల కాలేజీయే నిర్ణయిస్తుంది. మీకు ఆ ఎంపిక దొరకడమే అదృష్టం. రెండు దారుల్లోనూ ఈ యూనిట్ మీ మార్కుల పత్రంలో కనిపించడం ఉపయోగపడుతుంది. వేసవి సెలవుల్లో ఏ–లెవెల్ గణిత పుస్తకంలోని అవకలనం, సమాకలనం అధ్యాయాలు సొంతంగా చేసుకుంటే సెప్టెంబరులో ఆ యూనిట్ మీద పట్టు వస్తుంది.

ఆలస్యమైన అసైన్‌మెంటు గురించి మీరు తేలికగా రాశారు. ఈ కోర్సులో గడువుకు ఇచ్చినవారికే, లోపాలు సవరించి ఒకసారి మళ్లీ ఇచ్చే అవకాశం ఉంటుంది. గడువు దాటితే అది పోతుంది. పైగా ఇక్కడ మార్కులు కూడి సగటు తీయరు; ఒక యూనిట్‌లో డిస్టింక్షన్ రావాలంటే దానికి రాసిన ప్రమాణాలన్నీ తీరాలి, పాస్ ప్రమాణం ఒక్కటి తప్పినా యూనిట్ మొత్తం నిలిచిపోతుంది. ఏ–లెవెల్స్‌లో ఒక ప్రశ్న వదిలేసి మరో ప్రశ్నలో ఆ లోటు పూడ్చుకోవచ్చు. మీకు ఆ వెసులుబాటు లేదు. ప్రతి అసైన్‌మెంటుకు ఇచ్చే ప్రమాణాల పట్టికను మొదటి రోజే చదివి, రాసేటప్పుడు పక్కనే పెట్టుకోండి. రాత పరీక్షగా వచ్చే ఇంజనీరింగ్ ప్రిన్సిపల్స్ యూనిట్‌ను మాత్రం పరీక్షలాగే చదవాలి. వర్క్‌షాపులో మొదటి వరుసలో ఉండే పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే.

రెండింటికీ దరఖాస్తు చేయవచ్చు, చేయాలి కూడా. అయితే అవి రెండు వేర్వేరు క్యాలెండర్లు. విశ్వవిద్యాలయాలకు యూకాస్ ద్వారా అయిదు కోర్సుల వరకు పెట్టవచ్చు. చాలా కోర్సులకు గడువు జనవరి మధ్యలో ఉంటుంది. డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌కు ఎంపిక చేసేది విశ్వవిద్యాలయం కాదు, యజమాని. ప్రభుత్వ వెబ్‌సైటులోనూ, సంస్థల సొంత వెబ్‌సైట్లలోనూ ప్రకటనలు వస్తాయి. రోల్స్–రాయిస్, ఎయిర్‌బస్ వంటి పెద్ద సంస్థలలో ఒక్కో స్థానానికి చాలామంది పోటీపడతారు. వాటి దరఖాస్తులు శరదృతువులోనే తెరుచుకుని, కొన్ని కొత్త సంవత్సరానికి ముందే మూసుకుంటాయి. క్రిస్మస్ సెలవుల్లో చూద్దామనుకున్నవారికి మిగిలేది తక్కువ. సెప్టెంబరులో రెండో సంవత్సరం మొదలైన వారంలోనే మీరు చూడడం మొదలుపెట్టాలి.

డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లో నాలుగైదేళ్లపాటు వారంలో ఎక్కువ రోజులు పని, మిగిలిన సమయం చదువు. తోటివారు నిద్రపోయే ఆదివారాలు మీకు అసైన్‌మెంట్ల రోజులవుతాయి. రుణం మాత్రం ఉండదు. మామూలు డిగ్రీ అయితే ఫీజుకు, ఖర్చులకు రుణం తీసుకుంటారు. 2023 ఆగస్టు నుంచి మొదలుపెట్టినవారు ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన సంపాదనపై 9 శాతం చొప్పున తిరిగి కడతారు, నలభై ఏళ్ల తరువాత మిగిలింది రద్దవుతుంది. ఆ రుణం గురించి మన ఇళ్లలో అప్పు అనే మాటకు ఉన్నంత భయం పెట్టుకోనక్కరలేదని నా అభిప్రాయం. అది సంపాదన లేనప్పుడు గుమ్మం ముందుకు వచ్చే అప్పు కాదు. మీరు చేరాలనుకుంటున్నది ఏ శాఖ అన్నది తేలాక, ఆ డిగ్రీని ఇంజనీరింగ్ కౌన్సిల్ గుర్తించిందా లేదా అని మాత్రం చూడండి. చార్టర్డ్ ఇంజనీరు కావాలనుకుంటే గుర్తింపు పొందిన ఎంఇంజ్ (మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగ్) డిగ్రీ ఆ విద్యార్హతను పూర్తిగా తీరుస్తుంది, బీఇంజ్ (బాచిలర్ ఆఫ్ ఇంజనీరింగ్) ఆనర్స్ అయితే ఆపైన మరికొంత చదవాలి.

ఒక్కదాన్నే అమ్మాయిని అని మీరు రాసిన వాక్యం తరువాత ఫిర్యాదు ఏదీ లేదు కనుక, ఉందని నేను ఊహించను. కొలతకు సరిపోయే చేతి తొడుగులు, బూట్లు, కోటు అడగడానికి మొహమాటపడకండి. పెద్ద తొడుగు వేసుకుని డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర పనిచేస్తే తిరుగుతున్న డ్రిల్లుకు చిక్కుకునే ప్రమాదం ఉంది. అసలు అక్కడ తొడుగు తీసేయమనే మీ ఉపాధ్యాయులు చెప్పి ఉంటారు.

ప్రశ్న: మా వాడికి జీసీఎస్ఈ గణితంలో 3 మాత్రమే వచ్చింది. ఇంజనీరింగ్ ఆశ వదులుకోవాలా?
— ఒక తండ్రి, స్లౌ

జవాబు: వదులుకోనక్కరలేదు, కానీ ఒక సంవత్సరం ఎక్కువ పడుతుంది. లెవెల్ 3 ఇంజనీరింగ్‌లో చేర్చుకోవడానికి కాలేజీలు గణితంలో కనీసం 4 అడుగుతాయి, కొన్ని 5 కూడా అడుగుతాయి. మీ వాడికి లెవెల్ 2 ఇంజనీరింగ్ కోర్సు ఇవ్వజూపుతారు; తీసుకోండి. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో పూర్తికాలం చదివే విద్యార్థికి 3 వచ్చి ఉంటే, ఏ కోర్సులో చేరినా జీసీఎస్ఈ గణితాన్ని మళ్లీ చదవడం నిధుల నియమం ప్రకారం తప్పనిసరి. అందువల్ల దానికి వేరే ట్యూషన్ వెతికే ముందు కాలేజీ పెట్టే తరగతులకు క్రమం తప్పకుండా వెళుతున్నాడా అని చూడండి. వర్క్‌షాపుకు సంతోషంగా వెళ్లి గణితం తరగతి ఎగ్గొట్టే పిల్లలను నేను చాలామందిని చూశాను.

మళ్లీ రాయడానికి వేసవి దాకా ఆగనక్కరలేదు. గణితం, ఇంగ్లీషు పరీక్షలు నవంబరులో కూడా ఉంటాయి. 3 వచ్చిన విద్యార్థి నాలుగుకు కొద్ది దూరంలోనే ఆగి ఉండవచ్చు. ఎన్ని మార్కులు తక్కువయ్యాయో బడిలో అడిగితే చెబుతారు. ఆ తేడా చిన్నదైతే నవంబరులోనే రాయించండి. పేరు నమోదు గడువు అక్టోబరు తొలి రోజుల్లోనే ముగుస్తుంది కనుక, సెప్టెంబరులో కాలేజీలో చేరిన వారంలోనే పరీక్షల కార్యాలయంలో అడిగి పేరు రాయించండి.